బొంగరం సంగతి

హైదరాబాద్,
శనివారం రాత్రి

ఒరేయ్ సత్తీ,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు రాయలేదు. తిట్టుకో. కోపం ఇంకా మిగిలితే ఫోన్ చేసి తిట్టు. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గింది, నేను హబ్సిగూడలో గది మారాను, జీతం మారలేదు. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

నేను బొంగరం చేశానురా. చేయకూడని బొంగరం.

లేజర్లకి వాడే యాగ్ స్ఫటికం పెంచుతున్నామని చెప్పాను కదా. మీ నాన్నగారు బంగారం కరిగించే మూస లాంటిదే మాదీ, కాకపోతే ఇరిడియంది. యాగ్ 1970 డిగ్రీలకి గానీ కరగదు మరి. ఆ ద్రవానికి చిన్న విత్తన స్ఫటికం తాకించి, తిప్పుతూ, గంటకి మిల్లీమీటరు అటూ ఇటూగా పైకి లాగుతాం. 1916లో చొక్రాల్‌స్కీ అనే పోలండ్ శాస్త్రవేత్త సిరాబుడ్డి అనుకుని కలాన్ని కరిగిన తగరంలో ముంచాడట, తీస్తే పాళీకి సన్నటి తీగ వేలాడిందట. పొరపాటు చేసి ఆయన ఈ లాగే పద్ధతి కనిపెట్టాడు. నేను చేసి... చెప్తా ఆగు.

లోపల వేడి ఎటు పోతోందో కంప్యూటర్లో లెక్కకట్టడం నా పని. ద్రవం గడ్డకట్టే హద్దు ఏ ఆకారంలో ఉంటుందో ముందే చెప్పాలి. ఎవరో సీనియర్ సిలికాన్ కోసం రాసిన ప్రోగ్రాం దొరికితే అంకెలు మార్చి నడిపాను. హద్దు బల్లపరుపే, మధ్యలో 2 మిల్లీమీటర్ల ఉబ్బు, అంతే అని మీటింగులో చెప్పేశాను. గొడుగు రోజు నువ్వు వార్డెన్‌కి చెప్పినంత ధీమాగా.

పది రోజులకి స్ఫటికం బయటికి తీశారు. అడుగున 31 మిల్లీమీటర్ల మొన! సార్ ఏమీ అనలేదు. దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టి, "తాడు నువ్వు తెచ్చుకో" అని వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేదిరా.

మూడు వారాలు నిద్ర లేదు. ద్రవంలో ప్రవాహాలు తప్పేమో అని ఒకటే తవ్వుడు. మొన్న ఆదివారం అమీర్‌పేటలో పెద్దమ్మని చూసి సాయంత్రం మెట్రోలో వస్తున్నా. సికింద్రాబాద్ దాటాక కుడివైపు కిటికీలోంచి ఎండ. చెయ్యి ఆనిస్తే అద్దం ఏసీకి చల్లగానే ఉంది, ఒళ్ళో గారెల డబ్బా మాత్రం చుర్రుమంటోంది. అద్దం వేడెక్కకుండానే వేడి అద్దం దాటేసింది!

సిలికాన్‌లో అలా కాదు, ఆ కొలిమి వేడిలో అది వెలుగుని సాగనివ్వదు. వేడి ఒంటి గుండా పాకాల్సిందే. మాది గాజులాంటిది. హద్దు దగ్గరి వేడి వెలుగై స్ఫటికం లోంచి నేరుగా పైకి పోతుంది. మధ్యభాగం చల్లబడుతుంది, గడ్డకట్టడం కిందికి దిగుతుంది, మొన తేలుతుంది. పైగా ఇలా వెలుగై పోయే వేడి, అదే వికిరణం, ఉష్ణోగ్రతకి నాలుగో ఘాతం: గది వేడితో పోలిస్తే అక్కడ 3 వేల రెట్లు. నా ప్రోగ్రాంలో అది లేనే లేదు! సీనియర్ అవసరం లేక రాయలేదు, నేను బుర్ర లేక చూడలేదు. హబ్సిగూడ ఎప్పుడు పోయిందో తెలీదు, నాగోల్‌లో దిగాను. గారెలు అక్కడే అయిపోయాయి, అది వేరే కథ.

ముందు బద్ధకించి, వికిరణాన్ని కాస్త అదనపు ఉష్ణవాహకతలా కలిపి చూశాను. వెలుగుని చప్పున మింగేసే వాటికైతే సరిపోతుంది, మన హాస్టల్ ఉప్మా లాంటి వాటికి. దీనికి కుదరదు. ఇప్పుడు ఒక్కో దిక్కుకీ విడిగా లెక్క, ఒక్కో రన్‌కి 14 గంటలు. నిన్న మొదటిది వచ్చింది: 27! ఎగిరి గంతేశాను. సార్ చూసి, "మిగతా నాలుగూ?" అన్నారు. అంత వేడిలో స్ఫటికం ఎంత వెలుగు మింగుతుందో ఆ అంకె మీదే నాకు అనుమానం, లేకపోతే పై కవచం... సరే, నీకెందుకు.

మొన ఉంటే ఏం అంటావేమో. మొన దగ్గర చదును ముఖాలు ఏర్పడి, నడిమధ్యన పొడుగునా ఒత్తిడి మిగులుతుంది. లేజర్ కడ్డీ కోసేటప్పుడు ఆ భాగం దండగ. వేగంగా తిప్పితే అడుగునుంచి వేడి ద్రవం పైకి లేచి మొనని కరిగిస్తుంది, కానీ ఏ వేగం దగ్గరో హద్దు ఉన్నట్టుండి తిరగబడుతుంది కూడా. ఆ వేగం పట్టుకుంటే... ఈ రాత్రి రన్ అదే. ఇంకో రెండు గంటల్లో,

కరెంటు పోయిందిరా! యూపీఎస్ కుయ్యోమంటోంది, పది నిమిషాలు కూడా ఆగదు. సేవ్ చేయాలి. నీ పెళ్ళిచూపుల సంగతి అడగనే లేదు, ఈసారైనా గొడుగు