పసివాళ్ళ ఇష్టాలను వేళాకోళం చేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఈ జూన్‌లో మా అమ్మాయి కుటుంబం నెల్లూరు నుంచి చెన్నై వచ్చి, పెరంబూరులో మాతోనే ఉంటోంది. మనవరాలు అయిదో తరగతి. ఒకటో తరగతి నుంచి కలిసి తిరిగిన నేస్తాలను అక్కడ వదిలివచ్చి, 2006 నాటి చట్టం వల్ల ఇక్కడి బడుల్లో తప్పనిసరైన తమిళాన్ని మొదటి అక్షరం నుంచి దిద్దుకుంటున్న ఆ పిల్లకు ముందుగా దొరికిన నేస్తం, కింది వాటాలో ఉండే తమిళ కుర్రవాడు.

ఇప్పటి తెలుగులో లేని తమిళ అక్షరం ‘ఴ’ పలకడం ఆమెకు నేర్పింది అతనే. మన కోడి వాళ్ళకు కోఴి, మన ఏడు వాళ్ళకు ఏఴు అని మెట్ల మీద కూర్చుని జతలు వెతికి, ఇద్దరూ ఒక నోటుపుస్తకంలో రాసుకునేవారు. కడప ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల ఆరో శతాబ్దపు తెలుగు శాసనాల్లో ఆ అక్షరం ఉందనీ, తరువాత చాలా మాటల్లో అది డకారమైందనీ నేను చెబితే, “అయితే మనమే పోగొట్టుకున్నామా తాతయ్యా?” అని నొచ్చుకుంది. అతనంటే ఆమెకు ఇష్టమని మాకు తెలుస్తూనే ఉంది. ఆదివారం కూడా అడగకుండానే జడ వేయించుకునేది, తనకిచ్చిన పాలకోవాలో సగం కాగితంలో చుట్టి దాచేది.

చెడగొట్టింది పెద్దవాళ్ళమే. “నీ పెళ్ళికొడుకు వచ్చాడే” అని ఇరుగుపొరుగు ఒకరు మొదలుపెడితే, ఇంటికి వచ్చిన చుట్టాలు అందుకున్నారు. మేమూ నవ్వాము. నాలుగో రోజుకు పిల్ల కిందికి దిగడం మానేసింది. ఎందుకని అడిగితే “తలనొప్పి” అంటుంది.

నేనైనా అడ్డుకుని ఉండవలసింది, ఎందుకంటే ఇది నాకు తెలియనిది కాదు. మా నాన్నగారు పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారంలో పనిచేసిన రోజుల్లో, 1967లో, తమిళం రాక బెంచీ చివర బిక్కుబిక్కుమంటూ కూర్చునే నాకు తన పలక చూపించి అక్షరాలు నేర్పిన అమ్మాయి ఒకతె ఉండేది. తోటి పిల్లలు మా ఇద్దరి పేర్లూ కలిపి గోడ మీద బొగ్గుతో రాశారు. ఆ సంగతి ఇంట్లో చెప్పుకుంటే నలుగురిలో నవ్వులాటైంది. మరునాటి నుంచి ఆమె పలకరించినా నేను తల తిప్పుకున్నాను. ఏడాది చివర వాళ్ళు బదిలీ మీద వెళ్ళిపోయారు.

పదేళ్ళ పిల్లల ఇష్టానికి పెళ్ళి అనే పేరు మనం పెట్టినదే తప్ప వాళ్ళు పెట్టుకున్నది కాదు. కొందరు తల్లిదండ్రులు దాన్ని తప్పుగా ఎంచి బెంచీలు మార్పిస్తారు, మరికొందరు ముచ్చటపడి పదిమందిలో చెప్పుకుంటారు. నా లెక్కలో రెండోదే ఎక్కువ హాని, ఎందుకంటే దండన మీద కోపం తెచ్చుకోగల పిల్లకు నవ్వు మీద ఏం చేయాలో తోచదు. పెద్దవాళ్ళు ఓ కంట కనిపెట్టి ఉండాలనడంలో నాకు పేచీ లేదు. సాయంత్రం పిల్ల ఇంటికి వచ్చాక “ఇవాళ ఏం ఆడుకున్నారు?” అని అడిగి ఊరుకుంటే చాలు.

ఆ నోటుపుస్తకం ఇరవై మూడో జత దగ్గర ఆగి నా బల్ల మీద ఉంది. మొన్న ఆ కుర్రవాడు గుమ్మం దాకా వచ్చి, ఇంకో మాట దొరికిందని చెప్పి, లోపలికి తొంగిచూసి వెళ్ళిపోయాడు.

ఇట్లు,
ఒక తాత,
పెరంబూరు, చెన్నై.