ఆ మోటార్‌సైకిల్ కథ గురించి తమ్ముడికి

దమ్మాం,
శుక్రవారం

చిన్నా,

అమ్మ పంపిన జీడిపప్పు అందిందని చెప్పు. నాన్న మోకాలి నొప్పి గురించి ఫోన్‌లో మాట్లాడతాను. నువ్వు పంపిన ఆ ఫ్రెంచి ఆయన కథ చదివాను. "మన పని చేతిలో ఉంటే ఎడారిలోనైనా బతికేయొచ్చు అన్నయ్యా" అన్నావు చూడు, అప్పటినుంచి నాకు టెన్షన్‌గా ఉంది. వచ్చే నెల టెక్కలి షెడ్డు వదిలి నువ్వూ ఇక్కడికే వస్తున్నావు.

1993లో మొరాకో ఎడారిలో ఆ ఫ్రెంచి ఆయన, ఎమిల్ లెరే, కారు విరిగింది. సిట్రోయెన్ 2సీవీ. దాన్ని విప్పి 12 రోజుల్లో మోటార్‌సైకిల్ చేసుకుని బయటపడ్డానన్నాడు. బండి చేశాడంటే నమ్ముతాను. వెల్డింగ్ లేకుండా, డ్రిల్లు లేకుండా ఇనుము వంచి బిగించాడు. ఇంజను తిప్పే డ్రమ్ము వెనక టైరును ఒరుసుకుంటూ తిప్పుతుంది కాబట్టి రివర్స్ గేరు వేస్తేనే బండి ముందుకు కదులుతుంది. చేతులు మాపుకున్నవాడికే తెలిసే సంగతి అది.

నాకు నమ్మకం కుదరనిది నీళ్ల లెక్క. తిండీ నీళ్లూ పది రోజులకు సరిపడా ఉన్నాయట, చివరికి అర లీటరు మిగిలిందట. ఎండలో ఒళ్లు వంచి పనిచేస్తే గంటకు లీటరు చెమట పోవచ్చు. ఆ ఇనుము కొయ్యడం, సుత్తి దెబ్బలు ఎన్ని గంటల పనో నాకంటే నీకే బాగా తెలుసు. దగ్గరి ఊరు 30 కిలోమీటర్లే అని కొందరు రాశారు. అదే నిజమైతే రెండు రాత్రుల నడక. నడవడం ప్రమాదం అనుకున్నాడా, సరే, కారు దగ్గర ఉండటమే మంచిది. కానీ అలా ఉండేవాడు నీడన పడుకుని నీళ్లు కాపాడుకుంటాడు.

ఇంకోటి. 2018లో తిత్లీ తుఫాను వచ్చాక ఉద్దానంలో ఎవరి కథ విన్నా అందులో పక్కింటివాళ్లు ఉండేవారు, చెట్టు నరికి దారి చేసినవాళ్లు ఉండేవారు. ఈయన కథలో ఆ పన్నెండు రోజులకూ సాక్షి ఆయనొక్కడే. పైగా సైనికులు ముందుకు వెళ్లొద్దంటే రోడ్డు వదిలి చుట్టుదారి పట్టాడు. కథలో నాకు భయం వేసింది అక్కడే. నువ్వేమో ఆ ముక్క దాటేసి బండి ఫోటో చూశావు.

ఇక్కడ సైటుకి వెళ్తే ఏ దారిన వెళ్తున్నావో, ఎప్పటికి వస్తావో క్యాంపులో చెప్పి కదలాలి. నీళ్ల క్యాన్లు నువ్వే చూసి ఎక్కించుకో, డ్రైవరు ఎక్కించాడులే అనుకోకు. ఒంటరిగా పంపుతామంటే వెళ్లనని చెప్పు. అలా చెప్పడానికి మొహమాటపడతావని నాకు తెలుసు, అందుకే ఇంత రాస్తున్నాను.

మెడికల్ రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు.

నీ అన్నయ్య