బయటి చెయ్యి ఖాళీగా ఉంచుకో, చిన్నా

ఫ్రిస్కో, టెక్సస్

చిరంజీవి చిన్నాకు,

నాన్న ఆశీస్సులు. శనివారం మీ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో నువ్వు అంచు కాసే కార్నర్‌గా ఆడిన వీడియో అమ్మా నేనూ మళ్లీ చూశాం. ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను గానీ, ఆట గురించి ఫోన్‌లో మాట్లాడుకుంటే మనిద్దరికీ మాటా మాటా పెరుగుతుంది. ఉత్తరమైతే తీరిక దొరికినప్పుడు చదువుకుంటావు. మనబడిలో నేర్చుకున్న తెలుగు ఎటూ పోదు, కాస్త నిదానంగా చదువు. మీ కోచ్ చెప్పినదానికీ నేను చెప్పేదానికీ ఎక్కడైనా తేడా వస్తే ఆయన మాటే పట్టుకో.

మూడో క్వార్టర్‌లో వాళ్లు వేసిన ఆ బబుల్ స్క్రీన్ (అడ్డుకునేవాళ్లను ముందు పెట్టుకుని పక్కకు వేసే పొట్టి పాస్) గురించి నువ్వింకా బాధపడుతున్నావని నీ గొంతు వింటేనే తెలిసింది. నాకు కనపడింది ఇది. బంతి అందుకునే లోపలి రిసీవర్ వెనక్కి వంపు తిరుగుతూ సైడ్‌లైన్, అంటే మైదానం పక్క గీత వైపు పరిగెత్తాడు. బయటి రిసీవర్ బ్లాక్ చెయ్యడానికి, అంటే నిన్ను అడ్డుకోవడానికి నీ మీదికొచ్చాడు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ చెయ్యి ఎత్తకముందే అది స్క్రీన్ అని మీ జట్టులో అందరికంటే ముందు నువ్వే పసిగట్టావు. వీడియో ఆపి ఆపి చూశాను, నీ కాలే ముందు కదిలింది. అంత త్వరగా కనిపెట్టడం నేర్పితే వచ్చేది కాదురా. కానీ కనిపెట్టిన వెంటనే బ్లాకర్‌కి లోపలి పక్క నుంచి దూరి ఒక్క ఊపులో బంతి పట్టినవాణ్ని పడేద్దామనుకున్నావు. బ్లాకర్‌కి కావాల్సిందీ అదే. నువ్వు ఎటు పోతున్నావో అటే ఇంకాస్త తోశాడు. సైడ్‌లైన్ వెంట దారి మొత్తం ఖాళీ అయిపోయింది. వెనక కాపలా ఉండే మీ సేఫ్టీ తన చోట తను సరిగ్గానే ఉన్నాడు. నువ్వు బంతితో పరిగెత్తే రన్నర్‌ని లోపలికి తిప్పి పంపుతావన్న నమ్మకంతో అక్కడ నిలబడ్డాడు.

అందుకే ఈ ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. స్క్రీన్ వచ్చినప్పుడు ట్యాకిల్, అంటే పట్టి పడేసే సంగతి తర్వాత, ముందు బయటి దారి మూసెయ్. నీ పేరు మీద ట్యాకిల్ రాకపోయినా ఫర్వాలేదు. బంతి పట్టుకున్నవాడు నీ బయట నుంచి మాత్రం పోకూడదు. లోపలికి తిరిగితే అక్కడ పది మంది మీవాళ్లే ఉన్నారు.

నేను కాలేజీలో కబడ్డీ ఆడేటప్పుడు నాది లెఫ్ట్ కార్నర్. ఈ ఆట నాకు కాస్తో కూస్తో అర్థమైందంటే దానివల్లే. కూతకొచ్చినవాడు కాలు కాస్త ముందుకు పెట్టగానే మీద పడిపోవాలని మనసు లాగుతుంది. అలా ఒంటరిగా దూకితే పక్కన ఖాళీ చూసుకుని గీత దాటేస్తాడు. కార్నర్ తన చోటు వదలకుండా, వాణ్ని కోర్టు లోపలికి నెడుతూ ఉంటే, వెనక నుంచి చెయిన్ వచ్చి మూసేస్తుంది. నీ పనీ అలాంటిదే.

ఇక బ్లాకర్ సంగతి. వాడొచ్చి నిన్ను పట్టుకునేదాకా ఆగొద్దు, నువ్వే ఎదురెళ్లు. ఎంత ముందుకెళ్లి, ఆట మొదలయ్యే స్క్రిమేజ్ గీతకు ఎంత దగ్గరగా వాణ్ని ఢీకొంటే రన్నర్‌కి అంత చోటు తగ్గుతుంది. నువ్వు ఏడు గజాల వెనక నిలబడి అక్కడే బ్లాక్ తీసుకుంటే ఆ ఏడు గజాలూ రన్నర్‌కి ఊరికే ఇచ్చినట్టే. ఢీకొనేటప్పుడు బ్లాకర్ ఛాతీ మధ్యలోకి వెళ్లకు, బయటి సగం మీదికి వెళ్లు. రెండు చేతులూ వాడి చేతుల లోపలి నుంచి వెళ్లి ఛాతీ మీద పడాలి, మోచేతులు చాపి వాణ్ని దూరంగా పెట్టాలి. చేతులెప్పుడూ వాడి కంటే నీవే ముందు పడాలి. ఆ తర్వాత నీ బయటి చెయ్యీ బయటి కాలూ ఖాళీగా ఉండాలి. రన్నర్ బయటికి రావాలనుకుంటే ఆ చెయ్యే వాడికి అడ్డం. వాడు లోపలికి తిరిగాడని కళ్లతో చూశాకే బ్లాకర్‌ని విదిలించుకుని వెళ్లు.

చుట్టూ తిరిగి పోవడం మాత్రం వద్దు. బ్లాకర్‌ని తప్పించుకుని వెనక నుంచి చుట్టి వెళ్తే ఒక్కోసారి పని అవుతుంది, జనం చప్పట్లు కొడతారు కూడా. పని కాని రోజు మాత్రం రన్నర్ చివరిదాకా పరిగెత్తి టచ్‌డౌన్ కొట్టడమే. అలాంటిదాని మీద ఆట పెట్టుకోవద్దు.

అయితే అన్ని సార్లూ అంత దూకుడుగా ముందుకెళ్లకూడదు. మీరు కవర్ 2 అనే కాపలా పద్ధతిలో ఉంటే వెనక సగం సేఫ్టీ చూసుకుంటాడు, అంచు కాయడం నీ పనే, కాబట్టి నిశ్చింతగా దూకొచ్చు. కవర్ 3లో వెనక మూడో వంతు నీదే. అప్పుడు బయటి రిసీవర్ నిన్ను బ్లాక్ చేస్తున్నట్టు రెండు అడుగులు నెమ్మదిగా వేసి, నువ్వు ముందుకు రాగానే నీ పక్క నుంచి లోతుగా పరిగెడతాడు. క్వార్టర్‌బ్యాక్ బబుల్ వేస్తున్నట్టు చెయ్యి ఊపి, బంతి నీ తల మీదుగా వేస్తాడు. నీ వెనక ఎవరూ ఉండరు. బబుల్ రెండు మూడు సార్లు నడిచాక ఈ మోసం వస్తుందని ముందే లెక్క వేసుకో. నిజంగా బ్లాక్ చేసేవాడి కళ్లు నీ ఛాతీ మీద ఉంటాయి, వాడు అడుగులు చిన్నవి చేసి వెడల్పుగా నిలదొక్కుకుంటాడు. మోసం చేసేవాడు అంతగా కుదురుకోడు, చూపు నిన్ను దాటి వెనక్కి పోతుంది, భుజం ఒక పక్కకు తిరుగుతుంది. బంతి చేతి నుంచి వెళ్లేదాకా నీ అడుగులు అదుపులో ఉంచుకుంటే చాలు.

టనెల్ స్క్రీన్ అని ఇంకో రకం ఉంది, అందులో బంతి నువ్వు కాపలా కాసే రిసీవర్‌కే వస్తుంది. వాడు ఒక అడుగు ముందుకేసి గబుక్కున లోపలికి తిరుగుతాడు, టాకిల్ అనే స్థానంలో ఆడే లావుపాటి లైన్‌మన్ నీ మీదికి పరిగెత్తుకొస్తాడు. నిన్ను బయటికి గెంటి లోపల సొరంగం చెయ్యాలని వాళ్ల ఎత్తు. ఆ మనిషిని చూసి అడుగు వెనక్కి పడిందంటే సొరంగం వెడల్పవుతుంది. వాడు నీ దగ్గరికి చేరేలోపే రిసీవర్ వెన్నంటి లోపలికి నొక్కెయ్. మొదటి నుంచీ రిసీవర్‌కి ఆనుకుని నిలబడే ప్రెస్‌లో ఉంటే ఇంకా మంచిది. మొదటి అడుగులోనే వాణ్ని కదలనివ్వకపోతే వాళ్ల టైమింగ్ మొత్తం చెడిపోతుంది.

మైదానం కొలతలు కూడా మనసులో ఉంచుకో. కాలేజీ ఫుట్‌బాల్‌లో హ్యాష్ మార్కుల (బంతి పెట్టి ఆట మొదలుపెట్టే చోటికి హద్దు గుర్తులు) మధ్య 40 అడుగులు, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులే. మైదానం వెడల్పు 160 అడుగులు కాబట్టి, బంతి ఒక హ్యాష్ మీద ఉంటే ఒక పక్క 60 అడుగులూ, రెండో పక్క 100 అడుగులూ ఉంటాయి. కాలేజీల్లో ఇన్ని స్క్రీన్లు వెయ్యడానికి ఈ వంద అడుగులు పెద్ద కారణం. వెడల్పు పక్క బబుల్ వేస్తే బంతి గాల్లో ఎక్కువ సేపు ఉంటుంది, ఆ సమయం నీది, ముందుకెళ్లడానికి వాడుకో. ఇరుకు పక్కనైతే సైడ్‌లైనే నీకు ఇంకో డిఫెండర్.

మన టెక్సస్‌లోని లబక్‌లో మైక్ లీచ్ 2000 నుంచి 2009 దాకా టెక్సస్ టెక్ యూనివర్సిటీ కోచ్‌గా ఉన్నప్పుడు ఇలాంటి చిన్న పాస్‌లనే రన్నింగ్ ఆటకు బదులుగా వాడేవాడు. 2008 నవంబర్ 1న వాళ్లు టెక్సస్ యూనివర్సిటీ మీద గెలిచిన మ్యాచ్ నీకు చూపించాను, గుర్తుందా? అది స్క్రీన్ కాదు, కానీ ఆ చివరి బంతి మళ్లీ ఒకసారి చూడు. మైకేల్ క్రాబ్‌ట్రీ సైడ్‌లైన్ పక్కన బంతి అందుకున్నాడు. కార్నర్ వాడి మీదే ఉన్నాడు. అక్కడ వాణ్ని గీత అవతలికి తోసినా ఆ టచ్‌డౌన్ ఆగేది. పట్టు జారింది, క్రాబ్‌ట్రీ ఎండ్ జోన్‌లోకి వెళ్లాడు, గడియారంలో ఒక్క సెకను మిగిలింది, 39–33. దేశంలో నంబర్ వన్ జట్టు టెక్సస్ ఓడిపోయింది. అంచు దగ్గర పట్టు విలువ అంత.

రూల్స్ నీకు నాకంటే బాగా తెలుసు, రెండు మాత్రం గుర్తుచేస్తాను. బంతి స్క్రిమేజ్ గీత దాటకుండా వెనకే అందితే, లైన్‌మన్లు ఎంత ముందుకైనా వెళ్లొచ్చు, రిసీవర్లు బంతి అందకముందే నిన్ను బ్లాక్ చెయ్యొచ్చు. రిఫరీ తప్పు పట్టి జెండా వెయ్యడు. చేతులు చూపిస్తూ రిఫరీ వైపు తిరిగేలోపు రన్నర్ పోతాడు. రెండోది, కొన్ని బబుల్ పాస్‌లు నిజానికి వెనక్కి వేసినవే. అలాంటి బంతి కింద పడితే ఆట ఆగదు, విజిల్ వినపడేదాకా దాని మీద పడు. తీసుకుని పరిగెత్తినా చెల్లుతుంది.

ఇక్కడి నుంచి కోచింగ్ కాదు, నాన్న మాట. స్క్రీన్ పట్టినవాడు తిరిగే క్షణంలో ఎదురుగా పరిగెత్తుకొచ్చేవాడికి తల దించెయ్యాలనిపిస్తుంది. తల దించొద్దు. హెల్మెట్ పైభాగంతో కొడితే అది టార్గెటింగ్ అనే తప్పు, 2013 నుంచి దానికి మ్యాచ్ నుంచి బయటికి పంపేస్తారు. అది చిన్న నష్టం. తల దించి గుద్దితే దెబ్బ మెడకు తగులుతుంది. నీ మెడ కంటే, నీ తలకాయ కంటే నాకు ఏ మ్యాచూ ఎక్కువ కాదు. కళ్లు పైకి, వాడి తొడల మీద చూపు, దగ్గరి భుజంతో తగిలి రెండు చేతులూ చుట్టి బిగించు. దగ్గరికి వెళ్లేటప్పుడు చివరి రెండు గజాల్లో వేగం తగ్గించి అడుగులు పొట్టి చేసుకో. తల ఏమాత్రం తిరిగినట్టున్నా, దేనికీ మొహమాటపడకుండా ట్రైనర్‌కి చెప్పు. మాకు కూడా చెప్పు, దాచకు. నువ్వు దాచావని తర్వాత తెలిస్తే అమ్మ తట్టుకోలేదు.

వచ్చే శనివారం మీ మీదికొచ్చే జట్టు పాత మ్యాచ్ వీడియోలు చూస్తున్నాను. బబుల్ వెయ్యబోయే ముందు వాళ్ల లోపలి రిసీవర్ మామూలు కంటే ఒక గజం వెనక నిలబడుతున్నాడు, ముందు పాదం అప్పటికే సైడ్‌లైన్ వైపు తిరిగి ఉంటోంది. ప్రతిసారీ అలాగే ఉందని చెప్పలేను, కానీ చాలాసార్లు ఉంది. నువ్వూ చూడు, నిజమేననిపిస్తే మీ సేఫ్టీతో కూడా మాట్లాడుకో. మీ ఇద్దరికీ ఒక చేతి సైగ పెట్టుకుంటే మంచిది.

మేం శుక్రవారం సాయంత్రమే బయల్దేరి వస్తాం. అమ్మ గోంగూర పచ్చడీ పప్పుపొడీ సర్దుతోంది, నీ రూమ్మేట్లకు కూడా. ఎడమ భుజానికి ఐస్ పెట్టడం మానకు.

నాన్న