తీర్పు వచ్చాక ఐదేళ్లు బడులే మూసేశారు

సంపాదకులకు నమస్కారాలు.

అమెరికా పౌరహక్కుల ఉద్యమం మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. మార్టిన్ లూథర్ కింగ్ గురించి చక్కగా రాశారు. కానీ 1954లో సుప్రీంకోర్టు తీర్పుతో అక్కడి బడుల్లో వర్ణవివక్ష అంతమైందని అందులో ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ మాట నిజం కాదు. దాని గురించే ఈ ఉత్తరం.

నేను ప్రకాశం జిల్లా ప్రభుత్వ బడుల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ప్రస్తుతం వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా ఒంగోలు వైపు వర్జీనియా అంటే ముందు పొగాకే గుర్తొస్తుంది. ఇక్కడి నుంచి కారులో గంటకు పైగా వెళితే అలాంటి పొగాకు ప్రాంతంలోనే ఫామ్‌విల్ అనే చిన్న ఊరుంది. ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అదే ముఖ్య పట్టణం.

అక్కడ నల్లజాతి పిల్లల కోసం 1939లో మోటన్ హైస్కూలు కట్టారు. 180 మందికి సరిపోయే బడి. 1951 నాటికి అందులో నాలుగు వందల యాభైకి పైగా పిల్లలు చదువుతున్నారు. గదులు చాలక ఆవరణలో చెక్కలతో షెడ్లు వేసి, పైన తారు కాగితం కప్పారు. వాన పడితే కారేవి. చలికాలంలో పొయ్యి పక్కన కూర్చున్న పిల్లలకు ఉక్కపోత, దూరంగా ఉన్నవాళ్లకు వణుకు. తెల్లపిల్లల హైస్కూలు అదే ఊళ్లో ఉంది, దానికి అన్నీ ఉన్నాయి.

1951 ఏప్రిల్ 23న పిల్లలు సమ్మె చేశారు. మీ విద్యార్థులు బస్టాండు దగ్గర చిక్కుల్లో పడ్డారని ఫోన్ చేయించి ప్రిన్సిపల్‌ని బయటికి పంపారు. ఆయన రాసినట్టుగా క్లాసులకు చీటీలు వెళ్లాయి. అందరూ హాల్లోకి వచ్చి చూస్తే వేదిక మీద ఉన్నది పదహారేళ్ల బార్బరా జాన్స్. టీచర్లను బయటికి వెళ్లమని చెప్పి, పిల్లలందరినీ తనతో రమ్మంది. రెండు వారాలు బడికి ఎవరూ రాలేదు. ఒక టీచరుగా చెబుతున్నాను, అలాంటి పిల్ల నా క్లాసులో ఉంటే జీవితాంతం గర్వంగా చెప్పుకునేదాన్ని.

పిల్లలు మొదట అడిగింది మంచి బడి మాత్రమే. రిచ్‌మండ్ నుంచి వచ్చిన లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ మాత్రం, విడి బడులే వద్దు, తెల్లపిల్లలతో కలిసి చదవాలి అని అడిగేటట్టయితేనే కేసు వేస్తామన్నారు. పిల్లలు, తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. 117 మంది విద్యార్థుల పేర్లతో కేసు పడింది. బడుల్లో పిల్లలను రంగును బట్టి విడదీయడం రాజ్యాంగ విరుద్ధమన్న 1954 తీర్పులో కలిసిన ఐదు కేసుల్లో ఇది ఒకటి. ఆ ఐదింటిలో విద్యార్థులు మొదలుపెట్టిన పోరాటం ఇదొక్కటే. దానికి మూల్యం కూడా వెంటనే చెల్లించారు. ప్రిన్సిపల్ ఉద్యోగం పోయింది. బెదిరింపులు రావడంతో బార్బరాను ఊరు దాటించి అలబామాలో తండ్రి సోదరుడి ఇంటికి పంపేశారు.

తీర్పు వచ్చింది కానీ ఎప్పటిలోగా అమలు చేయాలో గడువు పెట్టలేదు. సెనేటర్ హ్యారీ బర్డ్ నాయకత్వంలో వర్జీనియా పాలకులు దాన్ని అడ్డుకోవడమే పనిగా పెట్టుకున్నారు. నల్లపిల్లలను చేర్చుకునే బడిని మూసేయాలని చట్టం చేసి, 1958లో నార్‌ఫోక్, షార్లట్స్‌విల్, ఫ్రంట్ రాయల్ ఊళ్లలో బడులు మూశారు. 1959 జనవరిలో కోర్టులు ఆ చట్టాన్ని కొట్టేశాయి.

ప్రిన్స్ ఎడ్వర్డ్ పెద్దలు ఇంకో దారి వెతికారు. పిల్లలను కలిపి కూర్చోబెట్టక తప్పదని కోర్టు ఆదేశించగానే బడులకు బడ్జెట్టే ఇవ్వం అన్నారు. 1959లో కౌంటీలోని ప్రభుత్వ బడులన్నీ మూతపడ్డాయి. తెల్లపిల్లల కోసం అప్పటికప్పుడు ప్రైవేటు అకాడమీ పెట్టారు. దాని ఫీజులకు ప్రభుత్వ సొమ్ము అందింది. నల్లపిల్లలకు ఏ బడీ లేదు.

అలా 1964 దాకా, ఐదేళ్లు. నన్ను ఎక్కువగా కలచివేసేది ఈ భాగమే. మా ఊళ్లలో అమ్మానాన్నలతో వలస వెళ్లి ఒక్క సీజను బడికి దూరమైన పిల్లలను చూశాను. తిరిగి వచ్చాక వెనక వరసలో తల వంచుకుని కూర్చుంటారు. మరుసటి ఏడు చాలామంది రారు. ఇక్కడ ఒక కౌంటీలో నల్లపిల్లలందరికీ అదే గతి పట్టించారు, అదీ ఏళ్ల తరబడి. బంధువులున్నవాళ్లను వేరే ఊళ్లకు పంపారు. కొందరు తల్లిదండ్రులకు దూరంగా ఉత్తరాది రాష్ట్రాల్లో ముక్కూమొహం తెలియని కుటుంబాల దగ్గర ఉండి చదివారు. చర్చిల్లో కొంత నేర్పారు. మిగిలినవాళ్లు పొలాలకు వెళ్లారు. 1963లో విరాళాలతో ఉచిత బడులు తెరిచినప్పుడు పదేళ్లు దాటిన పిల్లలకు కూడా అక్షరాల దగ్గర నుంచి నేర్పాల్సి వచ్చింది.

మీకూ ఒక ప్రైవేటు బడి పెట్టుకోండి, సాయం చేస్తామని తెల్లవాళ్లు మధ్యలో ఒకసారి ముందుకొచ్చారు. నల్లవాళ్లు వద్దన్నారు. ఒప్పుకుంటే కేసు నీరుగారిపోతుంది, విడి బడులే శాశ్వతమవుతాయి. కళ్ల ముందు పిల్లల చదువు పోతుంటే ఆ మాట చెప్పడానికి ఎంత గుండెధైర్యం కావాలి! ఆ తల్లుల స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్నో చెప్పలేను. చివరికి 1964 మేలో సుప్రీంకోర్టు, నింపాదిగా అమలు చేసే కాలం ఇక చెల్లిపోయిందని చెప్పి బడులు తెరిపించింది. తెరిచాక వచ్చింది దాదాపు అందరూ నల్లపిల్లలే. తెల్లవాళ్లు అకాడమీలోనే ఉండిపోయారు.

చదువు పోగొట్టుకున్నవాళ్ల కోసం వర్జీనియా ప్రభుత్వం 2004లో స్కాలర్‌షిప్పులు పెట్టింది. అప్పటికి వాళ్లలో చాలామందికి యాభై ఏళ్లు దాటాయి.

ఇదంతా మనకెందుకు అనేవారికి ఒక మాట. మనవాళ్లకు అమెరికా తలుపులు తెరిచిన 1965 వలస చట్టం ఆ పౌరహక్కుల ఉద్యమం నడిచిన రోజుల్లో, దాని ప్రభావంతో వచ్చిందే. ఇవాళ మా మనవరాలు ఇక్కడి ప్రభుత్వ బడిలో అన్ని రంగుల పిల్లల పక్కన కూర్చుంటోందంటే ఆ ఫామ్‌విల్ పిల్లల చలవే. అయినా ఇల్లు కొనేటప్పుడు "ఆ ఏరియా వద్దండీ, నల్లవాళ్లు ఎక్కువ" అనే మాట మన తెలుగు ఇళ్లలో నా చెవులతో విన్నాను. వినలేకపోయాను. ఫామ్‌విల్ గురించి తెలిసిన మనిషి నోట అలాంటి మాట రాకూడదు.

కాబట్టి నా మనవి రెండు విషయాలు. ఆ వాక్యానికి సవరణ వేయండి. మీ పిల్లల పేజీలో బార్బరా జాన్స్ గురించి రాయించండి. రిచ్‌మండ్‌లో రాష్ట్ర శాసనసభ ఆవరణలోని పౌరహక్కుల స్మారకంలో ఆమె తన తోటి విద్యార్థులతో కనిపిస్తుంది. వాషింగ్టన్‌లోని పార్లమెంటు భవనంలో వర్జీనియా తరఫున ఉండిన, అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలుపుకోవాలన్న దక్షిణాది రాష్ట్రాల సైన్యాన్ని నడిపిన జనరల్ రాబర్ట్ లీ విగ్రహాన్ని 2020లో తీసేసి, ఆ స్థానానికి ఎంచుకున్నది కూడా ఆమెనే. మోటన్ హైస్కూలు ఇప్పుడు మ్యూజియం. అమెరికాలో ఉన్న కొడుకుల దగ్గరికి, కూతుళ్ల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు వాషింగ్టన్ చూసి వెళ్లిపోతుంటారు. ఒక పూట తీరిక చేసుకుని ఫామ్‌విల్ కూడా వెళ్లి రావాలని, మనవలను వెంట తీసుకెళ్లాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఒంగోలు (ప్రస్తుతం రిచ్‌మండ్, వర్జీనియా)