నాన్నకి, ఇస్తాంబుల్ నుంచి

ఇస్తాంబుల్,
ఫిబ్రవరి 27.

నాన్నా,

నేను బాగున్నాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? తైలాలు ఆపి డాక్టరు రాసిన మాత్రలే వేసుకోమను. ఇక్కడ పని మామూలే, జీతం టైముకి వస్తోంది.

మొన్న ఫోనులో "అక్కడ మత పార్టీల రాజ్యమటగా, జాగ్రత్తరా" అన్నావు. నేను విసుక్కున్నాను. తర్వాత మనసు బాగోలేదు, అందుకే రాస్తున్నా.

పొద్దున మా ఓనరు పెద్దాయన్ని మెర్కెజెఫెంది శ్మశానానికి తీసుకెళ్లాను. నువ్వన్న ఆ మత పార్టీల నాయకుడు, ఇక్కడి ఒకప్పటి ప్రధాని నెజ్మెత్తిన్ ఎర్బకాన్ 2011లో ఇదే రోజున పోయాడు. ఆయన సమాధి అక్కడే ఉంది. ఇక్కడ ఆయన్ని 'హోజా' అంటారు, అంటే గురువుగారు. ఆయన పని మన షెడ్డు పనే నాన్నా. మెకానికల్ ఇంజనీరు, జర్మనీలో డాక్టరేట్ చేశాడు. 1956లో గుముష్ మోటార్ అని కంపెనీ పెట్టి, పొలాలకు నీళ్లు తోడే డీజిలు ఇంజన్లు చేయించాడు. పెద్దాయన వాళ్ల నాన్న కొన్న ఇంజను ఫోటో చూశాను. ఆ ఫ్లైవీలు, పక్కన హ్యాండిలు, కింద నూనె మరక, అచ్చం మన షెడ్డు మూలనున్న దానిలాగే ఉంది.

1969లో కొన్యా అనే ఊరి నుంచి పార్లమెంటుకి ఇండిపెండెంటుగా గెలిచాడు. ఆ తర్వాత, మతాన్ని రాజకీయాల్లోకి తెస్తున్నాడని, పెట్టిన పార్టీ పెట్టినట్టే మూయించారు. 1971లో కోర్టు, 1980లో సైన్యం తిరగబడ్డాక ఇంకోటి, 1998లో మళ్లీ కోర్టు. 1996లో ప్రధాని అయ్యాడు గానీ, 1997 ఫిబ్రవరి 28న సైన్యం జనరల్స్ తమ డిమాండ్ల కాగితం ముందు పెట్టారు. తూటా పేలలేదు. జూన్‌లో ఆయనే దిగిపోయాడు. ఆ రోజుల్లోనే పెద్దాయన కూతుర్ని, తలకి గుడ్డ కట్టుకుంటే రావద్దని కాలేజీ గేటు దగ్గరే ఆపేశారట. చదువు మూడో ఏడాదిలో ఆగిపోయింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు ఇప్పటికీ పూడుకుపోతుంది.

ఎర్బకాన్ మాటలన్నీ నాకు నచ్చవు. యూదుల గురించి అన్నవి చదివితే మనసు చివుక్కుమంది. అదే పెద్దాయనతో అన్నాను. ఆయన ఏమీ అనలేదు, నా గ్లాసులో ఇంకాస్త టీ పోశాడు. అయినా ఓట్లేసి గెలిపించుకున్న పార్టీని మూసేస్తే వాళ్ల నమ్మకం చస్తుందా నాన్నా? ఇప్పటి అధ్యక్షుడు ఎర్దొవాన్ ఆయన పార్టీ తరఫునే 1994లో ఇస్తాంబుల్ మేయరయ్యాడు. 2001లో వేరు కుంపటి పెట్టుకున్నాడు.

నా గురించి టెన్షన్ పడకండి. ఇంటావిడ నా గది ఊడ్చేటప్పుడు వెంకటేశ్వరస్వామి పటం కూడా తుడిచి, మళ్లీ అక్కడే జాగ్రత్తగా పెడుతుంది.

చెల్లి నిశ్చితార్థానికి డబ్బులు వచ్చే వారం పంపుతాను. షెడ్డులో ఆ పాత ఇంజను తూకానికి అమ్మేయకు. ముందు ఫోటో తీసి పంపు, పెద్దాయన చూస్తానంటున్నాడు.

నీ కొడుకు