వెనక సౌండ్ వస్తే రోడ్డునొక్కదాన్నే తిట్టకండి

ఎడిటర్ గారికి,

మన ఊరి గుంతల మీద మీ పేజీలో ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, వాటిలో అబద్ధమేమీ లేదు. కానీ కారుకి కొత్త షాక్‌లు (కుదుపులు ఆపే షాక్ అబ్జార్బర్లు), కొత్త బుష్‌లు వేయించినా ఆర్నెల్లు తిరక్కుండానే వెనక దడదడ మొదలైంది, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీద ప్రతి జాయింటూ నడుముకి తెలుస్తోంది, అంతా రోడ్ల పుణ్యమే అనేవాళ్లకు ఆటోనగర్‌లో షెడ్డు నడుపుకునే మనిషిగా ఒకటి చెప్పాలి. చాలాసార్లు తేడా బిగించడంలోనే ఉంటుంది.

మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి వెనక ఉండేది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. రెండు చక్రాలనీ కలిపే బీమ్, అది బాడీకి తగిలేచోట రెండు బుష్‌లు, రెండు స్ప్రింగులు, రెండు షాక్‌లు. ఆ బుష్ అంటే బయటో ఇనప గొట్టం, లోపలో గొట్టం, మధ్యలో రెంటికీ అతుక్కుపోయిన రబ్బరు. బోల్టు బిగించాక లోపలి గొట్టం ఇక కదలదు, చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా మెలి తిరిగేది రబ్బరే. బండి లిఫ్ట్ మీద ఉండి చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు బిగించే గన్‌తో టకటకా బిగించేశారనుకోండి, కిందికి దించగానే, బండి ఊరికే ఆగి ఉన్నా సరే, ఆ రబ్బరు పిండిన తడిబట్టలా మెలిపడే ఉంటుంది. దానిమీద నలుగురు ఎక్కి గుంటూరు వెళ్లొస్తుంటే, పైగా మన ఎండలకి, పగలకుండా ఎన్నాళ్లుంటుంది?

చేయాల్సింది ఇంతే. బోల్టులు ముందు లూజుగా ఎక్కించి, బండి బరువు చక్రాల మీదికి వచ్చాక, పిట్ మీదో ర్యాంపు మీదో పెట్టి, ఆ మోడల్‌కి కంపెనీ ఎంత చెప్పిందో అంతవరకే, ఎంత బలంతో బిగిస్తున్నామో తెలిపే టార్క్ రెంచ్‌తో బిగించాలి. షాక్ కింది బోల్టుకి బుష్ ఉన్నా ఇదే పద్ధతి. తెలియక కొందరు చేయరు, తెలిసీ కొందరు చేయరు, బయట ఇంకో రెండు బళ్లు హారన్ కొడుతుంటే మళ్లీ కిందికి దూరడం ఎవరికి ఇష్టం చెప్పండి.

ఈమధ్య వేరేచోట పని చేయించుకున్న బండి ఒకటి నా దగ్గరికొచ్చింది. షాక్ కొత్తదే, బిల్లు కూడా ఉంది, కానీ ఆయిల్ కారుతోంది. డస్ట్ కవర్ ఎత్తి చూస్తే తళతళలాడాల్సిన రాడ్ మీద ప్లయర్ పళ్ల గాట్లు! పైనట్టు తిప్పేటప్పుడు రాడ్ కూడా తిరిగిపోతోందని మధ్యలో పట్టేసుకున్నారు, ఆ గాట్లు ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలుని గీరేశాయి. రాడ్ పైకొసన పట్టుకోవడానికి చోటు ఉంటుందండీ, ఎవరికీ అంత ఓపిక లేదు.

ఇంటి దగ్గరే విప్పుకునే కుర్రాళ్లకి ఒక మాట. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టుకోండి. షాక్ విప్పేముందు బీమ్ కింద ఇంకో జాకీ ఆనించండి, లేకపోతే బీమ్ జారి బ్రేక్ ఆయిల్ వెళ్లే హోస్‌ని లాగేస్తుంది.

ఐటీఐ అయిన పిల్లలు మా షెడ్లకొస్తారు, గన్ ఒక్కరోజులో నేర్చేస్తారు, టార్క్ రెంచ్ చేత్తో పట్టుకున్నవాళ్లు మాత్రం తక్కువ. మీ ఆటో పేజీలో కొత్త కార్ల ఫొటోలు తగ్గించి ఇలాంటివి కూడా వేయండి. మా షెడ్డులో పగిలిన బుష్‌లు ఒక బస్తా నిండా ఉన్నాయి, ఫొటోగ్రాఫర్ని ఎప్పుడైనా పంపించండి.

ఇట్లు,
ఒక మెకానిక్, ఆటోనగర్, విజయవాడ