వెనుక బెంచీలో కూర్చునే మనిషి కావాలి: పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

గుంటూరు శివారులోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) పనిచేస్తున్న నేను, ఉపాధ్యాయ శిక్షణ గురించి ఒక్క విన్నపం చేసుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను. మాకు శిక్షణలు కొదవ కాదు. అక్కడ విన్నది తరగతిలో ఎక్కడ తడబడుతోందో మా పక్కన ఉండి చూసి చెప్పేవారే కరువు.

కొన్నేళ్ల కిందట మూడో తరగతికి తీసివేత చెబుతున్నప్పుడు, పొరుగు పాఠశాలలోని ఒక సీనియర్ ఉపాధ్యాయురాలిని వచ్చి నా పాఠం చూడమని అడిగాను. ఆమె గంటసేపు వెనుక బెంచీలో మౌనంగా కూర్చున్నారు. నేను "అర్థమైందా?" అని పదకొండుసార్లు అడిగానని, పదకొండుసార్లూ "అర్థమైంది సార్" అన్నది ముందు వరుస పిల్లలేనని పాఠం అయ్యాక చెప్పారు. ఆమె పక్కన కూర్చున్న పిల్లవాడి పలక మీద మాత్రం 52లోంచి 17 పోతే 45 అని ఉంది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి వాడు ఏడులోంచి రెండు తీశాడు. అది పరధ్యానం వల్ల వచ్చిన తప్పు కాదు, వాడు తనకు తానుగా కల్పించుకున్న నియమం. మరుసటి వారం ఆమె మళ్లీ వచ్చారు. పది పుల్లల కట్టను విప్పి చూపడంతో ఇద్దరం కలిసి పాఠం మొదలుపెట్టాం. మూడోసారి వచ్చేసరికి నేను "అర్థమైందా" అనడం మానేసి పలకలు ఎత్తించి చూస్తున్నాను.

2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి వికాసం ఉండాలంది. ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక అయిన దీక్ష పోర్టల్‌లో కోర్సులు పూర్తి చేసి ఆ గంటలు నింపగలం గానీ, పలక మీది 45ను పోర్టల్ చూడలేదు. దక్షిణాఫ్రికాలోని నార్త్ వెస్ట్ రాష్ట్రంలో పిల్లలకు మాతృభాషలో చదవడం నేర్పే విషయమై ఒక అధ్యయనం జరిగింది. ఒకే పాఠ్య ప్రణాళికలు ఇచ్చి, కొన్ని బడుల ఉపాధ్యాయులను కేంద్రానికి పిలిచి శిక్షణ ఇచ్చారు. మరికొన్ని బడులకు కోచ్‌లను, అంటే తరగతికే వచ్చి పాఠం చూసి సలహా ఇచ్చేవారిని, పంపారు. రెండేళ్ల తర్వాత, కోచ్‌లు వెళ్లిన బడుల్లో పిల్లల చదువులో వచ్చిన మెరుగుదల దాదాపు రెట్టింపు ఉంది. మనకూ ఇది పూర్తిగా కొత్త కాదు: 1980లలో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు, చుట్టుపక్కల బడుల వారు కలిసి పాఠాలు చర్చించుకునే ఉపాధ్యాయ కేంద్రాలను ఏర్పరచింది.

అయితే కోచ్ తనిఖీ అధికారి కాకూడదు. తనిఖీ అధికారి గుమ్మంలో కనిపిస్తే, పిల్లలకు బాగా వచ్చిన పాఠాన్నే నేనూ మళ్లీ చెబుతాను. ఈ మాట దాచుకోవడం వల్ల ప్రయోజనం లేదు. కాబట్టి కోచ్ రాసుకున్నది ఆ ఉపాధ్యాయుడి దగ్గరే ఉండాలి, మండల విద్యాశాఖాధికారికి గానీ యాప్‌లోకి గానీ వెళ్లకూడదు. మా క్లస్టర్‌లో, అంటే చుట్టుపక్కల బడుల సమూహంలో, ఉపాధ్యాయులకు తోడ్పడాల్సిన రిసోర్స్ పర్సన్‌కు రోజంతా వివరాల సేకరణకే సరిపోతోంది, కనుక ఈ పనిని వారి మీదే అదనంగా మోపకుండా, కనీసం పదేళ్లు తరగతిలో బోధించిన వారిని ఎంపిక చేసి కొద్ది బడులే అప్పగించాలి. ఒకే ఉపాధ్యాయుడి దగ్గరికి నెలకు ఒకసారైనా తిరిగి వెళ్లేంత తీరిక వారికి ఉండాలి.

2025 మెగా డీఎస్సీ ఉపాధ్యాయ నియామకాల్లో 16,347 పోస్టులు ప్రకటించారు. అలా బడిలో అడుగుపెట్టిన కొత్తవారికి తొలి ఏడాదే ఈ తోడు అత్యవసరం. గుంటూరు జిల్లాలో ఒక్క మండలంతోనైనా ప్రారంభించమని కోరుతున్నాను. తొలి పరిశీలనకు నా తరగతిని ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు, గుంటూరు